పాత కంప్యూటర్‌లో సమాచార నిర్మూలన: వైశాలి నుంచి సీలంపూర్ దాకా

పాత కంప్యూటర్‌ను అమ్మేముందు, ఎవరికైనా ఇచ్చేముందు, లేదా తుక్కులో వేసేముందు అందులోని సొంత సమాచారాన్ని తిరిగి ఎవరూ బయటికి తీయలేని విధంగా చెరిపేయడాన్ని సమాచార నిర్మూలన అంటారు. కంప్యూటర్ పనివాళ్ల నోట ఇది 'వైప్ చేయడం'. ఫైళ్లు డిలీట్ చేయడం వేరు, ఫార్మాట్ కొట్టడం వేరు, వైప్ చేయడం వేరు. మొదటి రెండూ అయ్యాక మూడోది కూడా అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. మన దేశంలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం. ఇక్కడ పాత కంప్యూటర్ అంత తేలిగ్గా చావదు మరి. ఒక ఇంటి గడప దాటాక నాలుగైదు చేతులు మారి, ఇంకో ఇంట్లో మళ్లీ వెలుగుతుంది. పూర్తిగా పాడైనదైనా సరే, అందులోని డిస్క్ ఊడి వేరే డబ్బాలోకి చేరుతుంది. ఈ ప్రయాణం చూడటానికి దేశ రాజధాని అంచున ఉన్న వైశాలి మంచి చోటు.

వైశాలి గుమ్మం ముందు

వైశాలి ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో, ఢిల్లీ తూర్పు సరిహద్దుకు దగ్గరగా ఉన్న నివాస ప్రాంతం. కౌశాంబి, ఇందిరాపురం, వసుంధర దీని ఇరుగుపొరుగు. సాహిబాబాద్ పారిశ్రామికవాడ కూతవేటు దూరం. 2011 జులైలో ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ ఇక్కడిదాకా వచ్చాక, ఢిల్లీలోనో నోయిడాలోనో ఉద్యోగం చేస్తూ ఇక్కడ కాపురం ఉండటం మరింత సులువైంది. ఇలాంటి అపార్ట్‌మెంట్లలో ప్రతి ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాపో, మంచం కింద దుమ్ము పట్టిన సీపీయూ డబ్బానో ఉంటుంది. బదిలీ అయినప్పుడో, దీపావళికి ఇల్లు సర్దినప్పుడో అది బయటికొస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం ఇంకో కారణం. బాగానే పనిచేస్తున్న యంత్రాలకు కూడా అది వయసు మీద పడినట్టు చేసింది.

బయటికొచ్చినది సాధారణంగా కబాడీవాలా రిక్షా ఎక్కుతుంది. మన ఊళ్లలో పాత పేపర్లు, పాత ఇనుము కొనే మనిషి చేసే పనే ఇది. పేపర్లకు, ఇనుముకు తూకం. కంప్యూటర్‌కు మాత్రం తూకం ఉండదు. డబ్బాను చేత్తో ఎత్తి, పక్క రేకు ఊడదీసి లోపలికి తొంగి చూసి, 'హార్డ్ డిస్క్ ఉందా' అని అడుగుతాడు. లేదంటే చెప్పిన ధర తగ్గిస్తాడు. పనిచేసే డిస్క్‌ను డిస్క్‌గానే కొనేవాళ్లు ఉన్నారని, దాన్ని కరిగించబోవడం లేదని ఆ ఒక్క ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

అక్కడి నుంచి సరుకు గల్లీ గోదాములకు, గోదాముల నుంచి పెద్ద వ్యాపారుల దగ్గరికి పోతుంది. ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్, దేశంలో ఎలక్ట్రానిక్ తుక్కు విప్పే పనికి పేరుమోసిన బజారు. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరులో మొట్టమొదట నడిచిన షాహ్‌దరా - తీస్ హజారీ మార్గంలో ఇదొక స్టేషన్. రైలు దిగి ఇరుకు సందుల్లోకి నడిస్తే బోర్డులు ఒక గుట్ట, తీగలు ఒక గుట్ట, పవర్ సప్లైలు ఇంకో గుట్ట. చుట్టుపక్కల ముస్తఫాబాద్, గాజియాబాద్ జిల్లాలోనే ఉన్న లోనీ కూడా ఈ పనికి తెలిసిన పేర్లే. బోర్డుల నుంచి లోహం తీసే పని రామగంగ ఒడ్డున మొరాదాబాద్ దాకా పాకింది. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ బజార్లలో జరిగే యాసిడ్ స్నానాలు, తీగలు కాల్చడం గురించి ఏళ్లుగా నివేదికలు రాస్తోంది. వాటిలో సహజంగానే విషం గురించే ఎక్కువ చర్చ. డిస్కుల మీద మిగిలిన మన సమాచారం గురించి ఆలోచించేవాళ్లు ఆ దారిలో ఎవరూ లేరు. వాళ్ల పనీ అది కాదు. కాబట్టి చెరిపే పని ఏదైనా ఉంటే అది గడప లోపలే జరగాలి.

డిలీట్ అంటే ఏం జరుగుతుంది

పహాణీలో పట్టాదారు పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయం కాదు. డిలీట్ కూడా అంతే. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలు వివరాలూ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టికలో ఉంటాయి. ఫైలును డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసినప్పుడు ఆ పట్టికలో 'ఈ చోటు ఖాళీ' అన్న గుర్తు మాత్రమే పడుతుంది. అక్షరాలు, ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి. కొత్త ఫైలు వచ్చి ఆ చోట కూర్చున్నప్పుడే పాతది పోతుంది. క్విక్ ఫార్మాట్ చేసేది పట్టిక మొత్తాన్ని కొత్తగా రాయడం, అంతే. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. అంతకుముందు ఎక్స్‌పీ రోజుల్లో పూర్తి ఫార్మాట్ కూడా డిస్క్ బాగుందో లేదో చదివి చూసేదే తప్ప రాసేది కాదు. 'ఫార్మాట్ కొట్టించాను' అనేవాళ్లు ఏ ఫార్మాట్ కొట్టించారో తెలుసుకోవడం మంచిది. దుకాణంలో పది నిమిషాల్లో అయిపోయిందంటే అది క్విక్ ఫార్మాటే.

మిగిలిపోయిన దాన్ని తీయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఫొటోరెక్, రెకువా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. ఒక మామూలు ఇంటి కంప్యూటర్‌లో దొరికేవి ఏమిటో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్, పాన్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల స్కూలు దరఖాస్తులు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు. చిన్న వ్యాపారమైతే ట్యాలీ లెక్కలు, ఖాతాదారుల జీఎస్‌టీ వివరాలు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుందిగా అనవచ్చు. అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి.

158 డిస్కులు, 35 పూతలు

సమస్య ఎంత పెద్దదో తొలిసారి లెక్కగట్టి చూపినవాళ్లు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షేలత్. 2000 నవంబరుకూ 2002 ఆగస్టుకూ మధ్య వాళ్లు పాత బజార్లలో 158 హార్డ్ డిస్కులు కొన్నారు. 129 పనిచేశాయి. సరిగా తుడిచినవి వాటిలో 12. మిగతావాటిలో వైద్య లేఖలు, ప్రేమలేఖలు, ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. ఒక డిస్క్ ఏటీఎం నుంచి ఊడదీసినది. 2003లో అచ్చయిన ఆ వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఉటంకించేదే. 2009లో కెనడాకు చెందిన పత్రికారచన విద్యార్థులు ఘనాలో కొన్న పాత డిస్క్‌లో అమెరికా రక్షణ గుత్తేదారు నార్త్‌రప్ గ్రమ్మన్ పత్రాలు దొరికాయి. పెద్ద సంస్థలు జాగ్రత్తగా ఉంటాయన్న నమ్మకం కూడా నిలవలేదు. మోర్గాన్ స్టాన్లీ బ్యాంకు తన డేటా సెంటర్ యంత్రాలను తీసేసే పనిని, ఆ అనుభవమే లేని సామాన్లు తరలించే సంస్థకు అప్పగించింది. తుడవని డిస్కులు వేలంలోకి వెళ్లాయి. 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో మరో 3.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టింది.

ఎన్నిసార్లు తుడవాలన్న ప్రశ్నకు ఓ తమాషా చరిత్ర ఉంది. 1996లో పీటర్ గుట్‌మన్ అనే శాస్త్రవేత్త, అప్పటి రకరకాల డిస్కులన్నింటికీ సరిపోయేలా 35 సార్లు రాసే పద్ధతి చెప్పాడు. ఏ ఒక్క డిస్క్‌కూ 35 సార్లు అవసరం లేదు. అందులో కొన్ని వరసలు ఒక రకానికి, కొన్ని ఇంకో రకానికి. జనం మాత్రం 35ను మంత్రసంఖ్యలా పట్టుకున్నారు. చివరికి ఆయనే, దీన్ని చేతబడి మంత్రంలా వాడుతున్నారని విసుక్కున్నాడు. అమెరికా రక్షణ శాఖ పేరుతో ప్రచారంలో ఉన్న మూడుసార్ల పద్ధతి కూడా పాతబడింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో వెలువరించి, 2014లో సవరించిన 800-88 మార్గదర్శకం ప్రకారం ఇప్పటి తిరిగే డిస్కులకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు. ఈ మార్గదర్శకం నిర్మూలనను మూడు మెట్లుగా చూస్తుంది. మామూలు సాధనాలకు దొరక్కుండా చెరపడం ఒకటి, ప్రయోగశాలకు కూడా దొరక్కుండా చెరపడం రెండోది, డిస్క్‌నే ధ్వంసం చేయడం మూడోది. ఇంటి అవసరానికి మొదటిది సరిపోతుంది.

తిరిగే డిస్క్, తిరగని డిస్క్

ఏ పద్ధతి వాడాలన్నది లోపల ఉన్న డిస్క్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత హార్డ్ డిస్క్‌లో అయస్కాంత పూత ఉన్న పళ్లేలు తిరుగుతుంటాయి. కంప్యూటర్ ఫలానా చోట రాయమంటే సరిగ్గా అక్కడే రాస్తుంది. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాస్తే పని అయిపోతుంది. 500 జీబీ పాత ల్యాప్‌టాప్ డిస్క్‌కు రెండు గంటల లోపు, 1 టీబీకి రెండు మూడు గంటలు పట్టవచ్చు. విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే సాధనంలో 'క్లీన్ ఆల్' అన్న ఆదేశం ఈ పని చేస్తుంది. 'ఆల్' మరిచి ఒట్టి 'క్లీన్' అంటే విభాగాల పట్టిక మాత్రమే పోతుంది. రెండింటి మధ్య తేడా ఒక్క మాటే, అసలు కథంతా ఆ మాటలోనే ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే డీబ్యాన్ ఒకప్పుడు ఈ పనికి పెట్టింది పేరు. 2015 తర్వాత దానికి కొత్త రూపం రాలేదు. ఇప్పుడు ష్రెడ్‌ఓఎస్, ఎన్‌వైప్ వంటి ఉచిత సాధనాలు ఆ చోటు తీసుకున్నాయి.

ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఈ లెక్క తప్పింది. అందులో తిరిగేదేమీ లేదు, చిప్పులే. ఒక్కో గడి కొన్ని వేల రాతలకే అరిగిపోతుంది కాబట్టి, లోపలి నియంత్రిక ప్రతి రాతనూ కొత్త చోటికి మళ్లిస్తుంది. మనం ఒక ఫైలు మీద సున్నాలు రాశామనుకుంటాం. అవి వేరే గడుల్లో పడతాయి, పాత ఫైలు పాత గడుల్లోనే కాసేపు ఉంటుంది. పైగా కంప్యూటర్‌కు కనిపించని అదనపు స్థలం కొంత లోపల దాగి ఉంటుంది. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎస్‌ఎస్‌డీల చిప్పులను నేరుగా చదివి చూశారు. ఫైలు మీద ఫైలు రాసే పద్ధతులేవీ నమ్మదగినవి కావని తేల్చారు. డిస్క్ తయారీదారు లోపలే పెట్టిన 'సెక్యూర్ ఎరేజ్' ఆదేశం సరిగా అమలైనచోట పనిచేసింది. ఒక డిస్క్ మాత్రం ఆ పని చేయకుండానే చేశానని జవాబిచ్చింది.

అందువల్ల ఎస్‌ఎస్‌డీకి దారి వేరు. తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తోనో, కొన్ని ల్యాప్‌టాప్‌లలో, విండోస్‌కన్నా ముందే తెరుచుకునే బయోస్‌లో ఉండే ఎంపికతోనో సెక్యూర్ ఎరేజ్ చేయాలి. ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి 'శానిటైజ్' అనే ఆదేశం ఉంది. ఇంతకన్నా తేలికైనది, నా దృష్టిలో ఇంటివాళ్లకు అన్నిటికన్నా మంచిది, కొన్ననాడే చేసుకునే ఏర్పాటు: డిస్క్ మొత్తాన్ని గుప్తీకరించడం. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఈ పనికే. అప్పుడు డిస్క్ మీద ఉన్నదంతా తాళం లేకుండా అర్థంకాని రాశి. అమ్మేరోజు ఆ తాళంచెవిని నాశనం చేస్తే చాలు. ఆపిల్ యంత్రాల్లో 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' ఇదే చేస్తుంది. 2021లో వచ్చిన మాంటెరీ నుంచి, టీ2 చిప్ లేదా ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లకు ఇది ఉంది. ఏ దారిలో చెరిపినా, పోయిన యంత్రాన్ని వెతికే 'ఫైండ్ మై' ఆగకపోతే కొన్నవాడు తెరవలేక మీకే ఫోన్ చేస్తాడు.

విండోస్‌లో 'రీసెట్ దిస్ పీసీ' తీసుకుని, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, సెట్టింగులు మార్చి 'క్లీన్ డేటా'ను ఆన్ చేయడం చాలామందికి అందుబాటులో ఉన్న మార్గం. ఆ చివరి మీటే ముఖ్యం, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఈ పద్ధతి ఇంటివాళ్ల కోసమేననీ, ప్రభుత్వ, పరిశ్రమల ప్రమాణాలకు సరితూగదనీ మైక్రోసాఫ్ట్ తానే రాసింది. 2022 ఫిబ్రవరిలో, రీసెట్ తర్వాత కూడా కొన్ని వన్‌డ్రైవ్ ఫైళ్లు మిగిలిపోతున్నాయని ఒప్పుకుని మరుసటి నెలలో సరిచేసింది.

పని అయ్యాక ఒకసారి పరీక్షించుకోవాలి. డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫొటోరెక్ నడిపితే ఒక్క ఫొటో కూడా రాకూడదు. ఇక మొదలుపెట్టేముందు చేయాల్సింది బ్యాకప్. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో 2013లో ఒకాయన ఎనిమిది వేల బిట్‌కాయిన్ల తాళంచెవి ఉన్న డిస్క్‌ను పొరపాటున చెత్తలోకి పంపాడు. చెత్తకుప్ప తవ్వనివ్వమని ఏళ్ల తరబడి పోరాడాడు. 2025 జనవరిలో కోర్టు ఆయన దావాను కొట్టేసింది.

వెలగని కంప్యూటర్

కంప్యూటర్ వెలగకపోతే డిస్క్ కూడా చచ్చిందనుకోవడం తప్పు. చాలాసార్లు పాడైనది మదర్‌బోర్డో, పవర్ సప్లైనో. స్క్రూడ్రైవర్‌తో ఐదు నిమిషాల్లో డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి తుడవవచ్చు. కావాలంటే దాన్నే బ్యాకప్ డిస్క్‌గా ఉంచుకోవచ్చు.

డిస్కే తిరగకపోతే పగలగొట్టడమే మిగిలింది. హార్డ్ డిస్క్ మూతకు నక్షత్రం ఆకారపు గాడి ఉన్న చిన్న స్క్రూలుంటాయి. ఒకటి రెండు లేబుల్ కింద దాక్కుంటాయి. మూత లేపితే అద్దంలా మెరిసే పళ్లెం, దాని మీదికి చాచిన సన్నటి చేయి, ఆ చేయి మొదట్లో వేళ్లను గట్టిగా పట్టి లాగే రెండు అయస్కాంతాలు కనిపిస్తాయి. డెస్క్‌టాప్ డిస్కుల పళ్లేలు ఎక్కువగా అల్యూమినియం, వంగుతాయి. ల్యాప్‌టాప్ డిస్కులవి ఎక్కువగా గాజు, సుత్తి దెబ్బకు నూకల్లా పగిలి ఎగురుతాయి. గుడ్డలో చుట్టకుండా, కళ్లద్దాలు పెట్టుకోకుండా కొట్టకూడదు. ఎస్‌ఎస్‌డీనైతే పైరేకు మీద సుత్తితో బాదితే లాభం లేదు, లోపలి ఒక్కో చిప్పూ పగలాలి. డిస్కులను చెరిపే పెద్ద అయస్కాంత యంత్రాలు కూడా ఎస్‌ఎస్‌డీని ఏమీ చేయలేవు. కాల్చడం అసలే వద్దు, ఆ పొగ పీల్చేది మనమే.

పోలీసు అధికారులే నిందితులుగా ఉన్న హైదరాబాద్ ఫోన్ ట్యాపింగ్ కేసులో 2023 డిసెంబరులో హార్డ్ డిస్కులను కట్టర్‌తో కోయించి మూసీలో పడేశారన్నది పోలీసుల అభియోగం. అది నిజమో కాదో కోర్టు తేల్చాలి. డిస్క్ ఆనవాళ్లే లేకుండా చేయదలచినవాళ్లు మాత్రం డిలీట్ మీట నొక్కి ఊరుకోరన్నది పోలీసులకూ తెలిసిన సంగతే.

ఫోన్లూ, గోనెసంచులూ

తెలుగు నేల మీద ఈ ప్రమాదం ఎక్కువగా పాత ఫోన్ల రూపంలో బయటపడింది. 2024 ఆగస్టులో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో రామగుండం విభాగం బిహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకుని, సంచుల్లో నింపిన సుమారు నాలుగు వేల పాత ఫోన్లను స్వాధీనం చేసుకుంది. ఊళ్లు తిరిగి చవగ్గా సేకరించిన ఆ ఫోన్లను సైబర్ మోసాలకు పేరుమోసిన జామ్‌తాడా, దేవ్‌ఘర్ వైపు పంపుతున్నారని పోలీసులు చెప్పారు. ప్లాస్టిక్ బకెట్టుకో, స్టీలు గిన్నెకో పాత ఫోన్ ఇచ్చేయడం పల్లెల్లో మామూలు. ఇచ్చేటప్పుడు సిమ్ తీస్తారు. ఫోన్‌లోని ఖాతాల నుంచి బయటికి రావడం, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం గుర్తుండదు. కంప్యూటర్ల పాత సరుకుకు మనకున్న పెద్ద బజారు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడ పాత డిస్క్ కొని చూసినవాళ్లకు దాని మీద మిగిలిన పాత యజమానుల పేర్ల సంగతి తెలుసు.

చట్టం ఎంతవరకు

ఈ-వ్యర్థాల నియమాలు మొదట 2011లో, తర్వాత 2016లో, మళ్లీ 2022లో వచ్చాయి. చివరివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీదారులు, మరమ్మతుదారులు, రీసైక్లింగ్ సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. ఈ నియమాల చూపు సీసం, పాదరసం మీద, తిరిగి రాబట్టే లోహాల మీద ఉంటుంది. సమాచారం సంగతి 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చూస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఇతరుల సమాచారం పెట్టుకున్న సంస్థ పని ముగిశాక దాన్ని చెరపాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సొంత ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అంటే ఆసుపత్రి తన పాత కంప్యూటర్‌ను తుడవకుండా అమ్మితే అడిగే చట్టం ఉంది. మన పాత ల్యాప్‌టాప్‌ను మనం తుడవకుండా అమ్మితే అడిగేది ఎవరూ లేరు.

కార్యాలయాలు ఈ పనిని బయటి సంస్థలకు ఇచ్చి, డిస్క్ సీరియల్ నంబరుతో సహా ధ్రువపత్రం తీసుకుంటాయి. 2022లో వచ్చిన ఐఈఈఈ 2883 ప్రమాణం ఇలాంటి పనికి ఆధారం. గురుగ్రామ్‌లోని స్టెల్లార్ సంస్థ తయారుచేసే బిట్‌రేజర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ రకం. ఇంటి నుంచి ఒకటి రెండు యంత్రాలు ఇచ్చేవాళ్లు నమోదైన రీసైక్లర్‌కు ఇచ్చినా సరే, తుడిచి ఇవ్వడమే దారి.

మనది కాని కంప్యూటర్

ఇంత చేశాక మిగిలేది ఒకటుంది. కాపీ తీసే యంత్రాల్లో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన ప్రతులు అందులో నిలవచ్చు. అమెరికాలో ఆఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చిన కాపీ యంత్రాలను తుడవకుండానే తిరిగిచ్చేసింది. 2013లో పన్నెండు లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. మన జిరాక్స్ దుకాణంలో ఇంకో దారి కూడా ఉంది. ఆధార్ ప్రతి కావాలంటే 'ఈ నంబరుకు వాట్సాప్ చేయండి' అంటారు. చేస్తాం. ప్రింటు తీసి చేతికిస్తారు, ఐదో పదో తీసుకుంటారు. ఆ పీడీఎఫ్ దుకాణం కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ముందు వచ్చిన వందల మంది ఆధార్‌ల పక్కన ఉండిపోతుంది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామాతో సహా. వైశాలి అయినా విజయవాడ అయినా అంతే. ప్రింటు చేతికిచ్చాక 'అన్నా, అది డిలీట్ కొట్టవా' అంటే కొందరు కొడతారు. రీసైకిల్ బిన్ మాత్రం ఖాళీ చేయరు. ఏడాదికో రెండేళ్లకో దుకాణంవాళ్లు కంప్యూటర్ మారిస్తే, పాతది అదే కబాడీవాలా రిక్షా ఎక్కుతుంది.